స్క్రూని పట్టుకున్నదేది?

అర అంగుళం డ్రైవాల్ బోర్డుకి అంగుళంపావు స్క్రూ. వెనకాల కర్ర ఉంటే మరలు ఎడంగా ఉన్నది, రేకు ఉంటే మరలు దగ్గరగా ఉన్నది. మిషిగన్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ఈ ముక్కే చెబుతారు. నేనూ ఇదే చెబుతాను. మా నాన్నగారికి ఫోన్లో చెబితే మాత్రం ఆయన అక్కడితో ఊరుకోలేదు.

"బోర్డుని స్క్రూ పట్టుకుంది, సరే. స్క్రూని పట్టుకున్నదేది?"

"కర్ర."

"స్క్రూకీ కర్రకీ నడుమ ఉన్న ఆ పట్టుని పట్టుకున్నదేదమ్మా?"

నాన్నగారు ఉద్యోగమంతా తెనాలి వైపు ఒక సంస్కృత కళాశాలలో తర్కం చెప్పారు. నేను డెట్రాయిట్ శివార్లలో కార్ల విడిభాగాలు చేసేచోట బోల్టుల సంగతి చూస్తాను. ఏది ఎంత బిగించాలి, ఎంత బిగిస్తే తెగుతుంది, ఎంత వదిలేస్తే రోడ్డు మీద ఊడుతుంది, ఇదీ నా బతుకుతెరువు. ఇద్దరిదీ ఒకటే వృత్తి అని నా వాదన. రెండు వస్తువులు ఎందుకు కలిసి ఉంటాయో, ఎప్పుడు విడిపోతాయో చూడటమే కదా. ఆయన ఒప్పుకోరు. "నువ్వు బిగిస్తావు, నేను విప్పుతాను" అంటారు.

ప్రస్తుతం బిగింపు మా బేస్‌మెంట్‌లో సాగుతోంది. ఆయన వస్తే ఉండటానికి ఒక గది, పక్కన పూజగది. శనాదివారాలు మావారు బోర్డు ఎత్తి పట్టుకుంటారు, నేను స్క్రూలు దించుతాను. ఫోను మెట్ల మీద నిలబెట్టి ఉంటుంది. అవతల తెనాలిలో రాత్రి, ఆయనకి నిద్ర పట్టదు.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే, 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీ వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఓ సామెత కూడా ఉంది. పిల్లలకి సుళువుగా తెలియాలని రాసిన ఆ చిన్న పుస్తకంలో ఆయన లోకాన్నంతా ఏడు పదార్థాల్లో సర్దేశాడు. అందులో కలయికలు రెండు రకాలు. విడివిడిగా ఉన్నవి వచ్చి తగులుకుంటే సంయోగం. అది ఇరవైనాలుగు గుణాల్లో ఒకటిగా ఓ మూల సర్దుకుంది. రెండోది సమవాయం. దారాలకీ బట్టకీ, ఎరుపుకీ పువ్వుకీ ఉన్నది. ఇక్కడ జంటలో ఒకటి నశించేదాకా రెండోదాన్ని ఆశ్రయించుకునే ఉంటుంది, విడిగా ఎక్కడా దొరకదు. దీనికి మాత్రం ఏకంగా ఓ పదార్థంగా పీట వేసి కూర్చోబెట్టారు.

నా కళ్లకి గోడంతా సంయోగమే. కర్ర కెనడా అడవిలోనిది కావచ్చు, బోర్డు ఇంకెక్కడిదో, స్క్రూ ఏ సముద్రం దాటి వచ్చిందో. ఏదీ దేనితోనూ పుట్టలేదు. నాన్నగారి లెక్కలో అలా కాదు. ఈ ముక్కలన్నిటిలో సమవాయంతో నిలిచే 'గోడ' అనే కొత్త అవయవి ఒకటి పుట్టింది, అది ముక్కల మొత్తం కాదు. ముక్కలు తీసేస్తే ఏదయ్యా నీ గోడ అని బౌద్ధులు నిలదీశారు. శతాబ్దాలు నడిచిన తగాదా అది, దాని జోలికి నేను పోను. నాకు కావలసింది పట్టు సంగతి.

డ్రైవాల్ స్క్రూ ఒకటి చేతిలోకి తీసుకుని తల కింది భాగం చూడండి. మామూలు చెక్క స్క్రూకి అక్కడ సూటి ఏటవాలు ఉంటుంది. దీనికి సన్నాయి చివరలా వంపు తిరిగి విచ్చుకుంటుంది. ఆ వంపు సొగసు కోసం పెట్టింది కాదు. బోర్డంటే రెండు కాగితాల నడుమ పోసిన జిప్సం. జిప్సం గోటితో గీరితే రాలిపోతుంది, బలమంతా కాగితానిది. స్క్రూ తల ఆ కాగితాన్ని లోపలికి నొక్కాలి, చింపకూడదు. వేలితో తడిమితే చిన్న గుంట తగలాలి, లోహపు అంచు తగలకూడదు. అంగుళంలో ముప్ఫైరెండో వంతు లోతు చాలు. అంతకంటే దిగితే తల చుట్టూ కాగితం గుండ్రంగా తెగి, లేచినట్టు కనిపిస్తుంది, కింద తెల్లటి పిండి. ఇక ఆ స్క్రూ ఉన్నా లేనట్టే. రెండంగుళాల పక్కన ఇంకోటి దించుకోవడమే. అందుకే ఈ పనికి లోతు చూసి తనంతట తాను ఆగిపోయే బిట్ అమ్ముతారు. దాని ధర కాఫీకి పెట్టే డబ్బుతో సమానం, అయినా చాలామంది కొనరు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. స్క్రూ అదే, బోర్డు అదే, కర్ర అదే. ఒక మిల్లీమీటరు తేడాతో ఒకచోట పట్టుంది, పక్కన లేదు. పట్టు ఇనుములో ఉంటే రెండుచోట్లా ఉండాలి, బోర్డులో ఉన్నా అంతే. అది ఒకదాని సొత్తు కాదు. సంయోగాన్ని తార్కికులు రెండింటి మీదా ఒకేసారి ఉండే గుణం అన్నది ఇందుకేనేమో. మా పనిలో ఇది రోజూ కనిపిస్తుంది. బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే శక్తిలో ఇంచుమించు సగం తల కింది రాపిడికే ఖర్చయిపోతుంది. మరో నలభై శాతం మరల రాపిడి తినేస్తుంది. రెండు రేకుల్ని నిజంగా అదిమి పట్టేది మిగిలిన పదో వంతు. మరల మీద ఒక చుక్క నూనె పడిందా, అదే చేయి, అదే పానా, బోల్టు మాత్రం తెగేదాకా వెళుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు బోల్టు ఉక్కు ఎంత గట్టిదని అడుగుతారు. ఉపరితలం ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ.

మరో అపోహ, పొడుగైతే గట్టిగా పట్టుకుంటుందని. అమెరికాలో ఇళ్లకి వాడే కర్ర లోపల తేమ ఉండగానే ఇల్లు లేస్తుంది. తరవాత హీటరు వేడికి నెమ్మదిగా ఆరి కుంచించుకుంటుంది. మేకు ఎంత లోతుగా దిగితే, దాని మొనకీ కర్ర అంచుకీ మధ్య అంత కలప ఉంటుంది, అంతా కుంచించుకునేదే. మేకు ఉన్నచోటే ఉంటుంది, కర్ర అంచు వెనక్కి పోతుంది. ఓ రోజు ఎవరో గోడకి ఆనుకుంటే బోర్డు వెనక్కి వెళ్లి మేకు తల రంగుని పొడుచుకుని బయటికొస్తుంది. మా పై అంతస్తులో పాత మేకులన్నిటిదీ ఇదే తంతు. కాబట్టి అర అంగుళం బోర్డుకి కర్రలో ముప్పావు అంగుళం దిగితే ఎక్కువే, ఆ పైది డబ్బు దండగ. లోతుగా తగులుకున్నదే ముందు బయటపడుతుందన్న మాటని వైరాగ్యానికి అన్వయించి చెప్పే పని నేను పెట్టుకోను. ఆ ఉద్యోగానికి వేరే మనుషులున్నారు.

ఇక నాన్నగారి ప్రశ్న. అది ఆయన సొంతం కాదు, ఆయన పక్షానిది కూడా కాదు. తార్కికుడు కాబట్టి ఎదుటివాడి ప్రశ్న కూడా తనే వేసుకుంటారు. అసలు వేసింది శంకరుడు, బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో, సమవాయాన్ని ఒప్పుకునే వైశేషికుల్ని ఖండిస్తూ. దారాలూ బట్టా వేరు వేరు, వాటిని కలిపేది సమవాయం అంటున్నారు. మరి ఆ సమవాయం వాటికంటే వేరైనదే కదా. అది దారాలకి అంటుకోవాలంటే ఇంకో సమవాయం కావాలి. దానికి మరొకటి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. దీనికి అంతం లేదు, దీన్నే అనవస్థ అన్నారు. 1893లో ఇంగ్లండులో బ్రాడ్లీ అనే తత్వవేత్త తన పుస్తకంలో ఇదే వాదన చేశాడు, సంబంధాలన్నీ ఉత్త భ్రమే అని తేల్చడానికి.

తార్కికులు దీనికి బదులు చెప్పారు. సమవాయానికి ఇంకో బంధం అక్కర్లేదు, దాని స్వభావమే అంటుకోవడం. శంకరుడు ఊరుకోలేదు. స్వభావం చాలనుకుంటే సంయోగానికీ స్వభావమే చాలుగా, దానికి మళ్లీ సమవాయం ఎందుకు అన్నాడు. వాదంలో నేను శంకరుడి వైపే. 'దాని స్వభావం అంతే' అని రిపోర్టులో రాస్తే మా ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టరు.

అసలు విడదీయరాని జంట ఉందా అన్నది వేరే అనుమానం. ఆ అనుమానం నాకు బోర్డుని చూశాకే వచ్చింది. మిషిగన్ జిప్సానికి పాత ఊరు. గ్రాండ్ ర్యాపిడ్స్ దగ్గర 19వ శతాబ్దంలోనే తవ్వకాలు మొదలయ్యాయి. హ్యూరన్ సరస్సు ఒడ్డున అలబాస్టర్ అని ఓ ఊరుకి ఊరే ఈ రాయి పేరు పెట్టుకుంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో తెల్లగా మెరిసిన భవనాల పూతలో ఆ ఊరి జిప్సం ఉంది. ఇప్పుడు చాలా బోర్డుల్లోది గనిలోంచి రాదు. బొగ్గు కరెంటు కేంద్రాల పొగలో గంధకాన్ని సున్నపురాయితో పట్టేస్తే మిగిలేది జిప్సమే. ఎక్కడిదైనా దాని బరువులో ఐదోవంతు నీరు. తడిగా ఉందని కాదు. ముట్టుకుంటే పొడిగా ఉంటుంది, నీరు స్ఫటికంలో భాగం. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న మామూలు పలక యాభై పౌన్ల పైచిలుకు తూగితే, అందులో నీరు నాలుగు లీటర్లకి తక్కువుండదు. ఇల్లు అంటుకున్నప్పుడు ఆ నీరు ఆవిరై పోతుంది. అది పోయేదాకా బోర్డు వెనక భాగం నూరు డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. గ్యారేజీ పైన గది ఉంటే ఆ సీలింగుకి 5/8 అంగుళం మందంది వెయ్యమనేది అందుకే. మందం పెరిగితే నీరూ పెరుగుతుంది, మనుషులు బయటపడే వ్యవధీ పెరుగుతుంది.

ఈ సంగతి నాన్నగారికి చెబితే చాలా సంతోషించారు. కుండని కాలిస్తే నలుపు పోయి ఎరుపెలా వస్తుందని న్యాయ వైశేషికాల మధ్య పాత గొడవ ఒకటుంది. కుండ పరమాణువులుగా విడిపోయి మళ్లీ కూడుతుందని వైశేషికులు. దాన్ని పీలుపాకం అన్నారు. అదేం లేదు, కుండ కుండగా ఉండగానే రంగు మారుతుందని నైయాయికులు, అది పిఠరపాకం. జిప్సం విషయంలో స్ఫటికం కట్టుబడే విడిపోయి కొత్తగా అల్లుకుంటుంది. నూటయాభై డిగ్రీల దగ్గర కాలిస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లు పోస్తే మళ్లీ రాయి. "అయితే పీలుపాకమే గెలిచిందన్నమాట" అన్నారు ఆయన, తన పక్షం ఓడిపోయినా. నాకు వేరేది గెలిచినట్టనిపించింది. విడదీయరానిదనుకున్నది విడిపోవడానికి కావలసింది తగినంత వేడి, అంతే. సమవాయం అని మనం పేరు పెట్టింది, ఇంకా ఎవరూ పొయ్యి మీద పెట్టని సంయోగానికేమో.

ఆధారం గురించి నన్ను పట్టుకు వదలని కథ ఈ తర్కంలోది కాదు, బృహదారణ్యక ఉపనిషత్తులోది. జనకుడి సభలో వెయ్యి ఆవుల్ని కొమ్ములకి బంగారం కట్టి నిలబెడితే యాజ్ఞవల్క్యుడు ఎవర్నీ అడక్కుండానే శిష్యుణ్ణి తోలుకుపొమ్మన్నాడు. ఒక్కొక్కరే లేచి ప్రశ్నలు వేశారు. గార్గి వంతు వచ్చింది. ఇదంతా నీళ్ల మీద పడుగుపేకల్లా అల్లుకుని ఉంటే, నీళ్లు దేని మీద ఉన్నాయంది. గాలి. గాలి దేని మీద? అలా అంతరిక్షం, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, దేవతలు, ప్రజాపతి దాకా ఎక్కించి బ్రహ్మలోకం దేని మీద అనేసరికి, ఇక అడక్కు, నీ తల పడిపోతుంది అన్నాడాయన. గార్గి ఊరుకుంది. అదే సభలో ఆగకుండా వాదించిన శాకల్యుడి తల నిజంగానే పడిపోయిందని ఉపనిషత్తే చెబుతుంది, కాబట్టి ఉత్త బెదిరింపని అనుకోవడానికి లేదు.

చిన్నప్పుడు నాకు ఆ జవాబు మీద ఒళ్లు మండేది. ఆడమనిషి అడిగిందని నోరు మూయించాడనుకునేదాన్ని. భూమిని ఆదిశేషుడు మోస్తే, శేషుణ్ణి కూర్మం మోస్తే, కూర్మాన్ని ఎవరని అడిగితే మా బామ్మ కూడా అన్నం తినమనేది. 1690లో తత్వవేత్త జాన్ లాక్ తన పుస్తకంలో ఏనుగు, తాబేలు అంటూ ఒక భారతీయుణ్ణి ఇలాగే ఇరికించి చివరికి ఏదో తెలియనిది అనిపించాడు. కానీ గార్గి మళ్లీ లేచిందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. రెండోసారి లేచి, విల్లు ఎక్కుపెట్టి రెండు బాణాలు పట్టుకున్న వీరుడిలా వచ్చానంది. ఈసారి ఆయన తప్పించుకోలేదు. అక్షరం అన్నాడు. అది లావు కాదు, సన్నం కాదు, పొట్టి కాదు, పొడుగు కాదు. దాని శాసనంలో సూర్యచంద్రులు, భూమ్యాకాశాలు పట్టి ఉంచబడి నిలుస్తున్నాయి అన్నాడు.

బేస్‌మెంట్‌లో మోకాళ్ల మీద కూర్చుని అడుగు కర్రని కాంక్రీటుకి బిగించేటప్పుడు ఈ జవాబు నాకు కొత్తగా వినిపించింది. కాంక్రీటుని తాకే కర్రకి చెద పట్టకుండా రాగి మందు ఎక్కిస్తారు. ఆ రాగి మామూలు ఇనుముని తినేస్తుంది, కాబట్టి జింకులో ముంచి తీసిన మేకుల్లాంటివే వాడాలి. బోర్డుని నేలకి అర అంగుళం పైకి ఎత్తి పెట్టాలి, లేకపోతే కాగితం నేలలోని చెమ్మ పీల్చి బూజు పడుతుంది. సరే, బోర్డు స్క్రూ మీద, స్క్రూ కర్ర మీద, కర్ర కాంక్రీటు మీద. ఇంటి పునాది మిషిగన్ చలికి నేల గడ్డకట్టి ఉబ్బని లోతుకి, నలభైరెండు అంగుళాలు దిగాలి. దాని కింద హిమానీనదాలు తెచ్చిపోసిన బంకమట్టి. ఇక్కణ్ణించి గంట దూరం లోపు, డెట్రాయిట్ నగరం కింద పన్నెండు వందల అడుగుల లోతున ఉప్పు గని ఉంది. అక్కడ పైకప్పుని మోసేది తవ్వకుండా వదిలేసిన ఉప్పు స్తంభాలే. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. ప్రతి మెట్టులోనూ దొరికేది మరో వస్తువు, దాన్ని మోసే మరో వస్తువు.

యాజ్ఞవల్క్యుడు మొదటిసారి ఆపమన్నది ఈ నడకని. వరస చివర ఇంకా పెద్ద మేకు, ఇంకా లోతైన పునాది ఉంటుందని వెతికితే అది దొరకదు. దొరికినా అదీ ఇంకొకటి మొయ్యాల్సిందే. రెండోసారి ఆయన చెప్పింది ఆ వరసలోది కాదు. అక్షరానికి కొలతలన్నీ కాదన్నాడు. స్క్రూకి ఉండేవీ కొలతలే మరి, పొడుగు, పొట్టి, లావు, సన్నం. అది మోస్తుందని కూడా అనలేదు, దాని శాసనంలో నిలుస్తున్నాయన్నాడు. నాకు అర్థమైనంతలో చివరి ఆధారం ఒక వస్తువు కాదు, వస్తువులు ఇలా తగిలితే ఇలా పట్టు కుదురుతుందన్న నియమం. గోడకి పదహారు అంగుళాలకో స్క్రూ, సీలింగుకి పన్నెండుకొకటి. మా ఊరి ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వచ్చి చూసేది దీన్నే. ఆయన స్క్రూలు లాగి చూడడు, ఎడం కొలుస్తాడు. ఇన్‌స్పెక్టరు కొలిచేది మనుషుల శాసనం, తప్పైతే దిద్దుకుంటారు. దాని వెనక ఉన్నది, కాగితం ఎంత బలానికి చిరుగుతుందో, నీరు ఏ వేడికి లేస్తుందో తేల్చేది, ఎవరూ దిద్దలేనిది.

పూజగదిలో దీనికి ఒక కొసరు ఉంది. వెంకటేశ్వరస్వామి పటం, టేకు చట్రం, గాజుతో కలిసి బాగా బరువు. ఒట్టి బోర్డుకి కొడితే ఊడిపడుతుంది. రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టు వాడొచ్చు గానీ నాకు కర్రే నమ్మకం. డ్రైవాల్‌కి వాడే నల్ల స్క్రూ దీనికి పనికిరాదు. అది పెళుసు, వంగదు, పక్క బరువుకి పుటుక్కున విరుగుతుంది. కాబట్టి వేరే స్క్రూ, అది కూడా కర్ర ఉన్నచోటే. మావారు ఆ మూల పెడదాం, ఈ మూల పెడదాం అని తిరిగారు. జగదాధారుడి పటానికి ఆధారం పదహారు అంగుళాలకోసారే దొరుకుతుందండీ అని చెప్పాల్సొచ్చింది.

ఇదంతా నాన్నగారికి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"బాగుందమ్మా. నియమమే ఆధారం అన్నావు. ఆ నియమం నీ స్క్రూకంటే వేరా, కాదా?"

"వేరే."

"వేరైతే స్క్రూ మీద ఎలా పనిచేస్తోంది? ఆ రెంటికీ సంబంధం ఏమిటి? సంయోగమా?"

"నియమానికి చేతులూ కాళ్లూ ఉండవు కదా, సంయోగం కాదు."

"మరి?"

"దానికి ఇంకో బంధం అక్కర్లేదు నాన్నగారూ. దాని స్వభావమే అది."

అవతల గట్టిగా నవ్వు వినిపించింది. అమ్మ నిద్రలేచి ఏమైందని అడగడం కూడా. "నీ కూతురు సమవాయం ఒప్పుకుంది" అన్నారాయన. నేను ఒప్పుకోలేదనే ఇప్పటికీ అంటాను. నియమం పదార్థం కాదు, దాన్ని ఏడింటిలో ఎక్కడా కూర్చోబెట్టలేం. ఆయన అయితే ఎనిమిదోది రాయమంటున్నారు. వాదన అక్కడ ఆగింది. సీలింగు బోర్డులు ఒక్కోటి డెబ్బై పౌన్లు, మావారి భుజాలు అప్పటికే లాగుతున్నాయి.